గోడ అవతలే బడి, దారి మాత్రం రెండు కిలోమీటర్లు

(ఇల్లు, స్థలం, రోడ్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు, పాలమూరులో లేఔట్ నక్షలు గీసి రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్ జవాబులు)

ప్రశ్న: మాది భూత్పూర్ రోడ్డు వైపు కొత్త వెంచర్. మేడ మీద నిలబడితే మా బాబు చదివే బడి కనిపిస్తుంది, పొద్దున ప్రార్థన కూడా వినిపిస్తుంది. గట్టిగా రెండు వందల మీటర్లు ఉండదు. మధ్యలో ఒక ప్రహరీ గోడ, దాని అవతల ఇంకో వెంచర్. బడికి పోవాలంటే మాత్రం మెయిన్ రోడ్డు ఎక్కి, యూటర్న్ తీసుకుని, ఆ వెంచర్ కమాన్ నుంచి లోపలికి రావాలి. రెండు కిలోమీటర్లు! వ్యాన్ ఫీజు కడుతున్నాం. మా రోడ్లన్నీ ముప్పై, నలభై అడుగులవే, గీత గీసినట్టు ఉంటాయి. మరి తప్పెక్కడ జరిగింది?
— ఒక గృహిణి, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, మీ రోడ్ల వెడల్పులో తప్పేమీ లేదు. అవి ఎక్కడ ఆగిపోయాయో అక్కడ ఉంది తప్పు.

మీ వెంచర్ ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. ఒక రైతుకు నాలుగెకరాల ఇరవై గుంటలు ఉంటుంది. అమ్ముతాడు. సర్వేయర్ టిపన్ (సర్వే నంబరు కొలతల కాగితం) పట్టుకుని వచ్చి హద్దులు చూపిస్తాడు. అక్కడి నుంచి పని నా లాంటి వాడి టేబుల్ మీదికి వస్తుంది. హైవే నుంచి నడుమ ఒక నలభై అడుగుల రోడ్డు, దానికి అటూ ఇటూ ముప్పై అడుగుల రోడ్లు, పది శాతం ఖాళీ స్థలం, మిగతాదంతా ప్లాట్లు. సర్వే నంబరు హద్దు ఎక్కడుందో లేఔట్ హద్దూ అక్కడే, గోడ కూడా అక్కడే. పక్క సర్వే నంబరు ఇంకో రెండేళ్లకు ఇంకొకరి చేతికి పోతుంది. ఆయన తన కమాన్ తాను కట్టుకుంటాడు, తన రోడ్లు తాను వేసుకుంటాడు. మీ రోడ్డు ఎక్కడ ఆగిందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టాలని ఆయనకు ఏ అవసరమూ లేదు. చూసినా, ఆ రెండు రోడ్లు ఎదురెదురుగా రాకుండా పదిహేను అడుగులు పక్కకు జరిగి ఉంటాయి.

కలపడానికి అయ్యే ఖర్చు ఎంతో లెక్క వేద్దాం. గోడకు ఆనుకుని మీ వైపు ఒక వరుస ప్లాట్లు ఉంటాయి కదా. ఒక్కోటి అరవై అడుగుల లోతు అనుకోండి. ముప్పై అడుగుల రోడ్డును ఆ వరుస దాటించి గోడ దాకా తేవాలంటే పోయేది 1,800 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 200 గజాలు. ఒక్క ప్లాటు! ఆ ఒక్క ప్లాటు అమ్ముకోవడం కోసం వందల ఇళ్ల వాళ్లు పెట్రోలు పోసుకుంటూ చుట్టూ తిరుగుతున్నారు. రోడ్డుకు పోయే ప్రతి గజం అమ్మకానికి రాని గజం. వెంచర్ వేసేవాడి లెక్క అంతవరకే.

మీ తిప్పలను కొలవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. దారి పొడవును నేరు దూరంతో భాగించండి. మీకు రెండు కిలోమీటర్లను రెండు వందల మీటర్లతో భాగిస్తే పది వస్తుంది. చదరంగం గళ్లలా నిలువు, అడ్డం వీధులున్న ఊళ్లో మూల నుంచి మూలకు పోయినా ఈ సంఖ్య 1.41 దాటదు.

రెండో పద్ధతికి మీ లేఔట్ కాపీ, పెన్సిలు చాలు. రోడ్డు మూసుకుపోయిన ప్రతి చివరా 1 రాయండి, టీ ఆకారంలో కలిసిన చోట 3, చౌరస్తా అయితే 4. అన్నీ కూడి, గుర్తు పెట్టిన చోట్ల సంఖ్యతో భాగించండి. ఆరు మూసిన చివరలు, ఐదు టీలు ఉంటే 21ని 11తో భాగించాలి, 1.9 వస్తుంది. ఒకే గేటు ఉండి, లోపల కొమ్మల్లా చీలే రోడ్లకు ఎప్పుడూ రెండుకు అటూ ఇటూగానే వస్తుంది. గళ్ల వీధులకు నాలుగుకు దగ్గరగా వస్తుంది.

ఇదే లెక్క మన క్లాక్ టవర్ చుట్టుపక్కల గల్లీలకు వేసి చూడండి. ఇరుకు, వంకర, మోరీలు కూడా పొంగుతాయి. ఆ గల్లీలను పొగడాలని నాకేం లేదు. కానీ ఒక గల్లీకి అడ్డంగా పెళ్లి పందిరి వేస్తే జనం ఏమీ అనుకోకుండా పక్క గల్లీ పట్టుకుని పోతారు. మీ వెంచర్‌లో నడిమి రోడ్డు మీద పందిరి వేస్తే ఆ రోజు ఎవరూ బయటికి కదలలేరు. వంకరగా ఉండటం వేరు, తెగిపోయి ఉండటం వేరు. మనం వంకరను సరిచేసి, తెగిపోయే దాన్ని తెచ్చుకున్నాం.

ఇక మీరు చేయగలిగింది. అనుమతి వచ్చిన లేఔట్ అయితే దానిలోని రోడ్లను, ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసి ఇవ్వాలి. అంటే ఆ రోడ్లు వెంచర్ ఓనరువీ కావు, అసోసియేషన్‌వీ కావు, అందరివీ. మీది, పక్కది, రెండు లేఔట్ల ఆమోదిత నక్షల కాపీలు తీసుకుని ఒకే స్కేలుకు జిరాక్స్ తీయించి పక్కపక్కన పెట్టండి. ఎక్కడైనా రెండు రోడ్లు గోడకు అటూ ఇటూ తగులుతుంటే మీ పని సులువు. రెండు కాలనీల వాళ్లు కలిసి దరఖాస్తు ఇవ్వండి. ఒక్క కాలనీ వాళ్లే ఇస్తే అవతలి వాళ్లు అడ్డం తిరుగుతారు, కాబట్టి ముందు వాళ్లతో కూర్చుని చాయ్ తాగండి. రోడ్లు తగలకపోతే, గోడ పక్కన ఇంకా ఇల్లు కట్టని ప్లాటు ఓనరును పట్టుకోండి. నడిచే వాళ్లకు, సైకిళ్లకు ఆరడుగుల పట్టీ చాలు. అరవై అడుగుల పొడవుకు అది నలభై గజాలు. ఇంటింటికీ పంచుకుంటే వ్యాన్ ఫీజు కంటే ఎంత తక్కువో మీరే చూసుకోండి. అక్కడ ఇల్లు లేచాక మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను సార్. ఊరు పెరుగుతున్న కొద్దీ రోడ్లు ఇలా తెగిపోవడం సహజమేనా? అన్ని దేశాల్లోనూ ఇంతేనా?
— ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: సహజం కాదు తమ్ముడూ. పెరగడం సహజం. ఎలా పెరగాలన్నది ఎవరో ఒకరు కూర్చుని తీసుకున్న నిర్ణయం, లేదా ఎవరూ తీసుకోక వదిలేసింది.

జైపూర్ చూడు. 1727లో సవాయ్ జైసింగ్ గళ్ల పద్ధతిలో వీధులు వేయించాడు. న్యూయార్క్‌లో 1811లో మన్‌హాటన్ దీవికి వీధుల ప్లాన్ గీసినప్పుడు ఆ దీవిలో చాలా భాగం పొలాలు, గుట్టలే. ఇళ్లు తర్వాత వచ్చాయి. బార్సిలోనాలో 1859లో సెర్దా అనే ఇంజనీరు పాత కోట గోడల బయట కొత్త ఊరికి గళ్లు గీశాడు. ఈ మూడు చోట్లా వీధి ముందు, ప్లాటు తర్వాత. మన దగ్గర ప్లాటు ముందు, వీధి దాని వెనక.

ఒకసారి పడ్డ వీధి ఎంత మొండిదో లండన్ చెబుతుంది. 1666లో ఆ నగరం చాలా వరకు కాలిపోయింది. వెడల్పాటి, నేరు వీధులతో కొత్త ప్లాన్లు గీసి చూపించారు కూడా. అయినా చివరికి చాలా వరకు పాత వీధుల గీతల మీదే కట్టుకున్నారు. ఇల్లు కాలింది కానీ ఇంటి జాగా మీద హక్కు కాలలేదు కదా. అందుకే ఇల్లు తప్పుగా కడితే ముప్పై, నలభై ఏళ్లలో పడగొట్టి మళ్లీ కట్టుకుంటారు, వీధి తప్పుగా వేస్తే మనవళ్ల మనవళ్లు కూడా అదే దారిలో చుట్టూ తిరుగుతారు.

రోడ్లను కావాలనే మూసి వేయడం పెద్ద ఎత్తున అమెరికాలో మొదలైంది. 1929లో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే కాలనీ కట్టారు. కార్లు ఇళ్ల మధ్య నుంచి దూసుకుపోకుండా రోడ్డు చివర మూసేశారు. అయితే నడిచే వాళ్లకు వేరే బాటలు ఇచ్చారు, అది మర్చిపోవద్దు. 1930ల్లో ఇళ్ల అప్పులకు హామీ ఇచ్చే అక్కడి కేంద్ర సంస్థ, గళ్ల వీధులు వద్దు, మూసిన వీధులే మంచివని బిల్డర్లకు చెప్పడం మొదలుపెట్టింది. అప్పు కావాలంటే మాట వినాలి కదా! రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊళ్ల చుట్టూ కాలనీలన్నీ అలాగే వేశారు. నడక బాటలు మాత్రం చాలా చోట్ల ఎగిరిపోయాయి.

దీన్ని కొలిచింది బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు. 2015లో అమెరికా వంద సంవత్సరాల లెక్క తీశారు. కొత్తగా వేసే వీధులు తెగిపోవడం 1990ల నడుమ దాకా పెరుగుతూ పోయి, ఆ తర్వాత తగ్గిందని తేలింది. 2020లో ప్రపంచమంతటికీ అదే పని చేశారు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లోని వీధులను తీసుకుని, పైన అమ్మకు చెప్పిన లెక్కల్లాంటివి కొన్ని కలిపి ఒక సూచిక తయారు చేశారు. 1975 నుంచి చూస్తే ప్రపంచంలో చాలా చోట్ల కొత్త వీధులు మరింత తెగిపోతున్నాయి. అర్జెంటీనా, బొలీవియా, పెరూ లాంటి చోట్ల మాత్రం ఇప్పటికీ గళ్ల వీధులే వేస్తున్నారు. జర్మనీ, డెన్మార్క్‌ల్లో కారుకు మూసిన వీధి కూడా నడిచేవాళ్లకు, సైకిలుకు తెరిచే ఉంటుంది. కాబట్టి డబ్బుకూ దీనికీ సంబంధం తక్కువ. బొలీవియా మనకంటే పెద్ద ధనిక దేశమేమీ కాదు.

అమెరికాలోనే వర్జీనియా రాష్ట్రం 2009లో ఒక పని చేసింది. పక్క జాగాలతో కలవని కాలనీ రోడ్లను ప్రభుత్వ ఖర్చుతో నిర్వహించబోమని నిబంధన పెట్టింది. తర్వాత కొంత సడలించారు. అయినా ఉపాయం నాకు నచ్చింది. మరమ్మతు డబ్బు ఎవరి చేతిలో ఉందో రోడ్డు వాళ్ల మాట వింటుంది.

పరీక్షకు పనికొచ్చే అంకెలు రెండు. ఊరి భూమిలో 30 శాతం వీధులకు ఉండాలని, చదరపు కిలోమీటరుకు 80 నుంచి 120 కూడళ్లు ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ చెబుతుంది. మన లెక్కలో పదెకరాలకు మూడు నుంచి ఐదు కూడళ్లు. అయితే ఈ రెండో అంకెను గుడ్డిగా నమ్మవద్దు. గోడ లోపలి టీ కూడళ్లు కూడా ఇందులో లెక్కకు వస్తాయి. కూడళ్లు బోలెడు ఉండి, బయటికి ఒకే గేటు ఉన్న వెంచర్లు నేను ఎన్నో చూశాను.

మీ నల్లగొండనే తీసుకో. క్లాక్ టవర్ నుంచి హైదరాబాద్ రోడ్డు, దేవరకొండ రోడ్డు, మిర్యాలగూడ రోడ్డు చెయ్యి వేళ్లలా పోతాయి. ఊరు ఆ వేళ్ల వెంట పెరిగింది. వేళ్ల మధ్య సందుల్లో ఎవరి వెంచర్ వాళ్లది. ఒక వేలి మీద ఇల్లు, పక్క వేలి మీద పని ఉన్నవాడు చాలాసార్లు అరచేతి దాకా వచ్చి పోవాల్సిందే. క్లాక్ టవర్ దగ్గర సాయంత్రం అంత రద్దీ ఎందుకంటే, అక్కడ పనే లేనివాళ్లు కూడా అక్కడి నుంచే పోవాలి కాబట్టి. సిగ్నల్ పెట్టినా, రోడ్డు వెడల్పు చేసినా ఈ సంగతి మారదు.

ప్రశ్న: మీరు ప్రతిసారీ మూసిన వీధులను తిడుతుంటారు. మా వీధి చివర మూసే ఉంది. ప్రశాంతంగా ఉంటుంది, పిల్లలు ఆడుకుంటారు, కొత్తవాళ్లు వస్తే తెలుస్తుంది. మా సుఖం మీకెందుకు గిట్టదు?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వనపర్తి

జవాబు: సార్, గిట్టకపోవడం కాదు. మీరు చెప్పిన మూడూ నిజమే. నాకూ మనవరాలు ఉంది, అది వీధిలో సైకిలు తొక్కుతుంటే లారీ రాకూడదనే కోరుకుంటాను. నా పేచీ ఒక్కటే. లారీని ఆపడానికి గోడ అక్కర్లేదు. నాలుగు రాతి కడ్డీలు పాతండి. మనిషి, సైకిలు, తోపుడు బండి పోతాయి, కారు ఆగుతుంది. రేపు అవసరం పడితే కడ్డీ తీస్తే ఫైరింజన్ వస్తుంది. గోడ కట్టారంటే లారీతో పాటు కూరగాయలమ్మే ఆమె కూడా ఆగిపోతుంది.

ఇంకోటి. మీ వీధి ప్రశాంతతకు డబ్బు ఎవరు కడుతున్నారో చూడండి. మూసిన వీధుల వాళ్లంతా బండ్లు తీసి ఒకే మెయిన్ రోడ్డు మీద పడతారు. ఆ రోడ్డు పక్కన ఇల్లున్నవాడికి ప్రశాంతత లేదు, అతని పిల్లలకు ఆట లేదు. చెత్త ఆటో డ్రైవరును అడగండి, మూసిన వీధిలోంచి రివర్స్‌లో రావడం ఎంత టెన్షనో చెబుతాడు.

మన నిబంధనల్లో ఈ ఆలోచన లేకపోలేదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో, 4,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరం, అంతకు మించిన స్థలంలో గ్రూపు ఇళ్లు కడితే, వెనకున్న భూములకు దారి దొరికేలా స్థలం అంచున ఒక వైపు 9 మీటర్ల ప్రజా రహదారి వేయాలని ఉంది. చాలా మంచి వాక్యం. ఏ పెద్ద గేటెడ్ కాలనీ పక్కకు పోయినా ఆ రోడ్డు ఎక్కడుందని అడగండి సార్. మీరు అడిగితే మాస్టారు అడిగారని కాస్త భయపడతారు.

ప్రశ్న: ప్లాటు కొందామనుకుంటున్నా. వీధి పోటు ప్లాటు అని తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. ఇంట్లో వద్దంటున్నారు. ఎల్‌ఆర్‌ఎస్ కూడా కట్టుకోవాలట. ఏం చేయమంటారు?
— ఒక యువకుడు, కల్వకుర్తి

జవాబు: వాస్తు నా సబ్జెక్టు కాదు తమ్ముడూ, ఇంట్లో వాళ్లతో పెట్టుకోవద్దు. కానీ వీధి పోటు ఎక్కడ పుడుతుందో నక్షలు గీసినవాడిగా చెప్పగలను. రోడ్డు నేరుగా వచ్చి ఒక ప్లాటుకు తగిలి ఆగిపోతేనే పోటు. ఆ రోడ్డు ఆగకుండా ముందుకు పోయి చౌరస్తా అయితే పోటు అనేదే లేదు. అంటే లేఔట్‌లో పోటు ప్లాట్లు ఎన్ని ఉంటే, అన్ని చోట్ల రోడ్డు తెగిపోయిందన్నమాట. ఆ వెంచర్‌లో ‘పోటు అని తక్కువకు ఇచ్చేవి మొత్తం ఎన్ని’ అని అడుగు. అయిదారు చూపిస్తే, ఆ ఒక్క ప్లాటు గురించే కాదు, మొత్తం వెంచర్ గురించే ఇంకోసారి ఆలోచించు. భయం పేరుతో అయినా సరే, రోడ్లు కలవాలని చెప్పే పద్ధతి మన పెద్దవాళ్ల దగ్గర ఉందని నాకు లోపల్లోపల ముచ్చట.

ఎల్‌ఆర్‌ఎస్ అంటే అనుమతి లేని లేఔట్‌లోని ప్లాటును క్రమబద్ధం చేసుకోవడం. 2020 పథకంలో, పది శాతం ఖాళీ స్థలం వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం దాని కింద కట్టమన్నారు. కడితే నీ కాగితం సరి అవుతుంది, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అడగవచ్చు. లేని పార్కు రాదు, తెగిన రోడ్డు అతుక్కోదు. ధర బేరమాడేటప్పుడు ఇది గుర్తుంచుకో. కొనేముందు ఆ వెంచర్ చివరి రోడ్డు దాకా నడిచి పో. రోడ్డు హద్దు దాకా వచ్చి ఆగిందా, హద్దు ముందే ప్లాటు అడ్డొచ్చిందా చూడు. హద్దు దాకా వచ్చిన రోడ్డుకు రేపు పక్కవాడితో కలిసే దారి ఉంటుంది.

ప్రశ్న: మా పొలానికి పోయే బండ్ల బాటను మధ్యలో వెంచర్ వేసినవాళ్లు కడీలు పాతి మూసేశారు. అది తమ పట్టా భూమి అంటున్నారు. తాతల కాలం నుంచి ఎడ్లబండి పోయిన బాట అది.
— ఒక రైతు, నారాయణపేట

జవాబు: అన్నా, తాతల మాట ఆఫీసులో పనికిరాదు, నక్ష కావాలి. మీ ఊరి నక్ష కాపీ తీసుకోండి. అందులో ఆ బాట గుర్తు ఉంటే అది నక్ష బాట, ఎవరి పట్టాలోనూ కలిసేది కాదు. తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చి, సర్వే చేయించి హద్దులు వేయించమని అడగండి. ఆ వెంచర్ లేఔట్ ఇంకా అనుమతి దశలో ఉంటే, అనుమతి ఇచ్చే ఆఫీసుకు అదే నక్ష జతచేసి అభ్యంతరం రాసివ్వండి. నోటి మాటగా చెప్పి రావద్దు, రాసిచ్చి రసీదు తీసుకోండి. నక్షలో లేని బాట అయితే వాడుక హక్కు కింద కోర్టులో తేల్చుకోవాలి. దానికి వకీలును కలవండి, ఆలస్యం చేయవద్దు.

పట్నం వాళ్లు కూడా ఈ జవాబు చదవాలి. ఊరి నుంచి ఊరికి, చెరువుకు, గుడికి పోయే ఈ బండ్ల బాటలు సర్వే నంబర్ల మధ్య నుంచే పోతాయి. వెంచర్లు వేసే ముందే వీటిని నలభై, అరవై అడుగుల రోడ్లుగా గుర్తించి పెట్టుకుంటే కొత్త కాలనీలు ఒకదానికొకటి తగలడానికి తయారు దారులు దొరుకుతాయి. కొత్తగా భూమి సేకరించే పని కూడా చాలా తగ్గుతుంది. పాలమూరు చుట్టుపక్కల ఇలాంటి బాటలు ఎన్ని మిగిలాయో వానాకాలం రాకముందే నడిచి చూస్తే తెలుస్తుంది, ఎండిన బండి గాడి ఇంకా కనిపిస్తుంది.

ప్రశ్న: బైపాస్ పడితే ఈ బాధలన్నీ పోతాయి కదా సార్?
— ఒక వ్యాపారి, జడ్చర్ల

జవాబు: పోవు. బైపాస్ వల్ల రాయచూరు లారీ ఊళ్లోకి రాదు, అంతవరకు మేలే. కానీ పాలప్యాకెట్ కోసం, బడి కోసం, మందుల షాపు కోసం బైపాస్ ఎక్కేవాళ్లు ఎవరూ ఉండరు. బైపాస్ పడగానే దాని పక్కన కొత్త కమాన్లు లేస్తాయి, ఒక్కోదానికి ఒక్కో గేటు. అవి లేవక ముందే వాటిని కలిపే అడ్డ రోడ్లు మాస్టర్ ప్లాన్‌లో ఉన్నాయా అని మీ వార్డు సభ్యుణ్ణి అడగండి. వ్యాపారస్తులు అడిగితే కాస్త తొందరగా జవాబు వస్తుంది.